అంతిమదశలో శుశ్రూష: దాని మేలిమిని నిర్ణయించడం ఎట్లా?

వైద్యశాల మంచిదో కాదో తేల్చడానికి లోకంలో ఒక సులభమైన కొలత వాడుకలో ఉన్నది. వెళ్ళిన రోగి నయమై ఇంటికి వచ్చాడా, లేదా? ఆ కొలత అన్నివేళలా సరియైనది కాదు. కఠినమైన రోగాలను చేర్చుకొనే ఆసుపత్రిలో మరణాలు ఎక్కువగా ఉండడం సహజం. అయినా దానితో కొంత పని జరుగుతుంది. కాని చేరిన రోగులలో ఇంచుమించు అందరూ కొన్ని వారాలలోనో నెలలలోనో కన్నుమూయనున్నారని ముందుగానే తెలిసిన సంస్థ ఒకటి ఉన్నదనుకోండి. దాని మంచిచెడ్డలను దేనితో కొలవాలి? హాస్పిస్ అటువంటి సంస్థ. రోగాన్ని కుదిర్చే ప్రయత్నాలు ఇక ఫలించవని తేలినప్పుడు బాధను తగ్గించి, మిగిలిన దినాలు సాధ్యమైనంత నెమ్మదిగా గడిచేటట్లు చూడడం దాని పని. ఈ పనిని బాగా చేసే సంస్థకూ, చేస్తున్నట్లు కనిపించే సంస్థకూ గల భేదాన్ని ఎట్లా గుర్తించాలన్నదే ఈ వ్యాసవిషయం.

ఇది విద్యార్థులకు దూరమైన సంగతి అని తోచవచ్చు. నా అనుభవం అందుకు భిన్నంగా ఉన్నది. మన కళాశాలలో చదివేవారిలో అనేకులు తమ కుటుంబంలో కళాశాల మెట్లెక్కిన మొదటి తరం వారు. ఇంట్లో పెద్దలకు జబ్బు చేసినప్పుడు ఆసుపత్రి కాగితాలు చదివేదీ, డాక్టరుతో మాట్లాడేదీ, ఒక్కొక్కప్పుడు సంతకం చేసేదీ వారే. ఇరవై ఏండ్ల పిల్లవాడి ముఖం చూసి ఇంటిల్లపాదీ “ఏం చేద్దాం?” అని అడిగే ఘట్టం వస్తుంది. రోగిని పరామర్శించడం, అంటే ఇయాదత్, మనకు ధర్మమని చిన్ననాటి నుండి విని ఉన్నాము. పండ్లు తీసుకొని వెళ్ళి పది నిమిషాలు కూర్చుండి రావడంతో ఆ ధర్మం తీరిపోదు.

ముందుగా పదాన్ని గురించి ఒక మాట. లాటిన్ భాషలో అతిథికీ, ఆతిథ్యం ఇచ్చేవాడికీ ఒకే పదం ఉండేది. దాని నుండి పుట్టిన పదకుటుంబంలోనివే హాస్పిటల్, హోటల్, హాస్పిస్ అనే మాటలు. మధ్యయుగాల ఐరోపాలో యాత్రికులు అలసి ఆగే విడిదిని హాస్పిస్ అనేవారు. మన సత్రానికీ, ముసాఫిర్‌ఖానాకూ దగ్గరి మాట అన్నమాట. నేడు దీనిని వృద్ధాశ్రమంతో కలిపివేసేవారు చాలామంది ఉన్నారు. వృద్ధాశ్రమానికి వయస్సు ప్రమాణం. హాస్పిస్‌కు రోగదశ ప్రమాణం. పాతికేళ్ళ యువకుడైనా హాస్పిస్‌లో చేరవలసి రావచ్చు.

ఆధునిక హాస్పిస్‌కు మూలపురుషుడు కాదు, మూలవనిత సిసిలీ సాండర్స్. ఆమె 1918లో జన్మించినది. మొదట నర్సు, వెన్నునొప్పి చేత ఆ పని మానుకొని ఆసుపత్రిలో రోగుల సాంఘిక సమస్యలు చూసే ఉద్యోగంలో చేరినది. లండనులో క్యాన్సరుతో మరణశయ్యపై ఉన్న డేవిడ్ టాస్మా అనే పోలెండు శరణార్థితో ఆమెకు ఏర్పడిన స్నేహం ఆమె జీవితాన్ని మలుపు తిప్పినది. 1948లో అతడు మరణిస్తూ, ఆమె కట్టబోయే గృహానికి ఒక కిటికీ కోసమని 500 పౌనులు వదలిపోయినాడు. అప్పటికి ఇల్లు లేదు, గోడ లేదు, కిటికీ మాత్రం ఉన్నది! ఆమె ఆ తరువాత వైద్యవిద్య అభ్యసించి 1957లో డాక్టరు అయినది. ఆమె పూనికతో 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ వెలసినది. బాధ అన్నది శరీరానికి మాత్రమే చెందినది కాదు. మనస్సు, సంసారపు చిక్కులు, డబ్బు ఇబ్బంది, దైవాన్ని గురించిన సంశయాలు అన్నీ కలిసి ఒకే బాధగా రోగిని పట్టి పీడిస్తాయని ఆమె నిరూపించినది. దీనిని ‘సమగ్ర వేదన’ అనవచ్చును.

మన దేశంలో 1986లో బొంబాయిలో శాంతి అవేదనా సదన్ ప్రారంభమైనది. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలైనవారు ఉపశమన చికిత్సకై ఒక సంఘాన్ని స్థాపించారు. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్సా విభాగం ఉన్నది. స్పర్శ్ వంటి హాస్పిస్‌లు నగరంలో పనిచేస్తున్నాయి. అయినా అవసరంతో పోల్చితే ఇవి చాలా తక్కువ. ఉపశమన చికిత్స కావలసినవారిలో దాదాపు 14 శాతం మందికి మాత్రమే అది అందుతున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందుచేత మన వద్ద “దొరికినదే చాలు, ఇక గుణదోషవిచారణ ఎందుకు?” అనే ధోరణి ప్రబలినది. ఈ ధోరణి ప్రమాదకరం. ఎదురు చెప్పలేని రోగికి లోపభూయిష్టమైన సేవ దొరకడం కంటె వేరే శిక్ష ఉండదు.

వైద్యసేవల గుణనిర్ణయానికి ఒక శాస్త్రమార్గాన్ని ఏర్పరచినవాడు అవెదిస్ డొనబేడియన్. బైరూతులో ఆర్మీనియన్ కుటుంబంలో పుట్టి, అమెరికాలో ఆచార్యుడైన ఈయన 1966లో ప్రకటించిన వ్యాసంలో మూడు అంశాలను వేరుచేసి చూపాడు. వనరులు, విధానం, ఫలితం. భవనం, పడకలు, సిబ్బంది, మందులు వనరులు. వాటితో రోజువారీ జరిగే పని విధానం. రోగికి చివరకు ఒనగూడినది ఫలితం. ఈ మూడింటినీ హాస్పిస్‌కు అన్వయించి చూద్దాము.

వనరులను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎందుకంటే సందర్శకుని కంటికి మొదట కనబడేవి అవే, అతనిని మోసగించేవీ అవే. నిగనిగలాడే నేల, పూలకుండీలు, దాతల పేర్లు చెక్కిన చలువరాయి ఇవన్నీ ఉండవచ్చు, తప్పు లేదు. నేను చూడమనేవి రెండే. పన్నెండు మంది రోగులకు రాత్రిపూట ఎందరు నర్సులు ఉంటారు? నోటిద్వారా ఇచ్చే మార్ఫిన్ అక్కడ నిలవ ఉన్నదా, దానిని ఇవ్వడానికి తగిన గుర్తింపు సంస్థకు ఉన్నదా?

ఈ రెండవ ప్రశ్నకు కొంత వివరణ కావాలి. మార్ఫిన్ నల్లమందు నుండి తీసే ఔషధం. నల్లమందు పంట చట్టబద్ధంగా పండించే దేశాలలో మనది ఒకటి. అయినా 1985 నాటి మత్తుపదార్థాల చట్టం తరువాత అనుమతుల చిక్కుల వల్ల మన ఆసుపత్రులలో మార్ఫిన్ వాడకం దారుణంగా పడిపోయినది. తరతరాల డాక్టర్లు దానిని చేతితో పట్టకుండానే చదువు ముగించారు. 2014లో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు ఒకే అనుమతి చాలునని నిర్ణయించారు. కాబట్టి “మా వద్ద మార్ఫిన్ లేదు, చట్టం ఒప్పుకోదు” అని చెప్పే హాస్పిస్ తన పనిలో ముఖ్యమైనదానిని చేయడం లేదనే అర్థం. కొందరు రోగులకు ఇది మత్తుమందు గనుక నిషిద్ధమేమోనన్న సంకోచం కలుగుతుంది. అవసరం నిషేధాన్ని సడలిస్తుందన్నది ఫిఖ్హ్ శాస్త్రంలో సుప్రసిద్ధమైన సూత్రం. ఈ సంకోచాన్ని ఎగతాళి చేయకుండా, కావాలంటే మౌల్వీ సాహెబును పిలిపించి తీర్చే ఓపిక సంస్థకు ఉండాలి.

ఇక విధానం. గుణనిర్ణయంలో ప్రాణం ఇక్కడ ఉన్నది. ఈ విషయం నాకు పుస్తకాల వల్ల తెలిసినది కాదు. 2019లో మా మాతామహులకు, మేము నానా అని పిలిచేవారము, కాలేయపు క్యాన్సరు ముదిరినదని తేలినది. ఆయన వయస్సు అప్పటికి 84. జీవితమంతా బట్టల దుకాణం నడిపినవారు. మొదట చేర్చిన ఆసుపత్రిలో, నొప్పి భరించరానిదైనప్పుడు చెప్పండి, ఇంజక్షను ఇస్తామన్నారు. నొప్పి వచ్చేది, మేము నర్సు కోసం పరుగెత్తేవారము, ఆమె డాక్టరు కోసం ఎదురుచూసేది, మందు వచ్చేసరికి గంట గడిచేది. నానా గోడమీది గడియారాన్ని చూస్తూ పండ్లు బిగబట్టుకొని పడుకొనేవారు. భరించలేనిది అంటే ఎంత అని ఆయనను ఎవరూ అడగలేదు.

తరువాత ఆయనను ఒక హాస్పిస్‌కు మార్చాము. అక్కడి నర్సు మంచం పక్కన కూర్చుండి, “తాతగారూ, నొప్పి పదికి ఎంత ఉన్నదనుకుంటున్నారు?” అని అడిగినది. ఆయనకు ఆ లెక్క పట్టుబడలేదు. కాసేపు ఆలోచించి “రూపాయికి పన్నెండణాలు” అన్నారు. ఆమె నవ్వలేదు, దిద్దలేదు. కాగితం మీద ‘పదహారుకు పన్నెండు’ అని వ్రాసుకొని, ఆ తరువాత ప్రతిపూటా అణాలలోనే అడిగేది. మూడవనాటికి నొప్పి మూడణాలకు దిగినది. ఆ రాత్రి ఆయన ఆరుగంటలు నిద్రపోయారు.

ఈ రెండు చోట్లకూ మందులో భేదం తక్కువ. ఇచ్చే పద్ధతిలో భేదం ఎక్కువ. మామూలు మార్ఫిన్ మాత్ర పని నాలుగు గంటల వరకు ఉంటుంది. కనుక నొప్పి తిరిగివచ్చేదాకా ఆగక, నాలుగేసి గంటలకు ఒకసారి గడియారం ప్రకారం ఇవ్వాలి. నడుమ నొప్పి పొడసూపితే ఇవ్వడానికి అదనపు మోతాదు ముందే వ్రాసి ఉంచాలి. ఈ మందు వేసుకొనేవారికి దాదాపు అందరికీ మలబద్ధకం కలుగుతుంది. కాబట్టి మందులచీటీలో మార్ఫిన్ ఉండి, దాని పక్కన విరేచనానికి మందు లేకపోతే, వ్రాసినవారికి ఈ విద్య సరిగా రాదని నిశ్చయించవచ్చు. ఒక సంస్థను పరీక్షించడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటె చిన్న ప్రశ్న, ఇంతకంటె నమ్మదగిన ప్రశ్న లేదు.

మరికొన్ని చిన్న విషయాలు కూడా ఇటువంటివే. కుళ్ళిన పుండు వాసనకు బంధువులే ముక్కు మూసుకొని దూరంగా జరుగుతారు. రోగికి ఆ అవమానం నొప్పి కంటె ఎక్కువ. మెట్రోనిడజోల్ మాత్రను పొడిచేసి పుండుపై చల్లితే ఆ వాసన చాలావరకు తగ్గుతుంది. ఖరీదు కొద్ది రూపాయలు. మంచం పట్టినవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. అందుకే సందర్శకుడు దుప్పటి తెల్లదనాన్ని కాదు, తిప్పిన వేళలను వ్రాసిన పట్టికను చూడాలి. నోరు ఎండిపోయినవారికి తడిగుడ్డతో పెదవులు తడుపుతున్నారా అని చూడాలి. ఊపిరి ఆడనివారి ముఖానికి ఎదురుగా ఫ్యాను పెట్టడం కూడా చికిత్సలో భాగమే.

రోగికి నిజం చెప్పే విషయంలో మన కుటుంబాలు తరచుగా ఒకే మాట అంటాయి: “ఆయనకు తెలియనీయకండి.” ప్రేమచేత అన్న మాటే అయినా, దానివల్ల రోగి ఒంటరివాడవుతాడు. బాకీలు తీర్చవలసినవారు, వసీయత్ చెప్పవలసినవారు, కూతురి పెండ్లి గురించి ఒక మాట అనవలసినవారు ఆ అవకాశాన్ని పోగొట్టుకొంటారు. మంచి హాస్పిస్ కుటుంబాన్ని ధిక్కరించి రోగి ముఖాన నిజం విసరదు. కుటుంబం మాట విని అబద్ధమూ ఆడదు. “మీ జబ్బును గురించి మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉన్నది?” అని రోగినే అడుగుతుంది. ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. హాస్పిస్ మరణాన్ని తొందరపెట్టదు, ఆపాలనీ చూడదు. ఇక ప్రయోజనం లేని యంత్రచికిత్స వద్దని ముందుగానే వ్రాసి ఉంచుకొనే హక్కును మన సుప్రీం కోర్టు 2018లో గుర్తించినది; 2023లో దాని పద్ధతిని కొంత సులభం చేసినది. అది ప్రాణం తీసుకోవడానికి అనుమతి కాదు.

మతవిషయంలో అడగవలసినవి సూక్ష్మమైనవి. మంచాన్ని ఖిబ్లా వైపు తిప్పడానికి గదిలో వీలున్నదా? వజూ చేయలేనివారికి తయమ్ముమ్ కోసం మట్టిపెళ్ళ దొరుకుతుందా? స్త్రీరోగికి స్నానం చేయించేది స్త్రీయేనా? చివరి గడియలో కలిమా చదివే బంధువును “సందర్శన వేళ అయిపోయినది” అని బయటికి పంపుతారా? మరణించిన తరువాత గుస్ల్ కోసం దేహాన్ని ఆలస్యం లేకుండా అప్పగిస్తారా? పక్కమంచం మీది వృద్ధురాలికి తులసితీర్థం కావచ్చు, ఆ పక్కవారికి పాస్టరుగారి ప్రార్థన కావచ్చు. ఒకరికి చేసి మరొకరికి కాదన్న సంస్థ ఎవరికీ నిజంగా చేసినట్లు కాదు. కైరోలో సుల్తాన్ ఖలావున్ 1284లో కట్టించిన గొప్ప ఆసుపత్రి ధనికులకూ పేదలకూ, స్త్రీలకూ పురుషులకూ తెరచి ఉండేదని చరిత్ర. హైదరాబాదులో కుతుబ్ షాహీల దారుష్షిఫా కూడా ఆ సంప్రదాయానికే చెందినది.

ఆ కాలపు ముస్లిం నగరాలలో ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. అంగడిలో తూకాలను తనిఖీ చేసినట్లే వైద్యులనూ, మందులమ్మేవారినీ అతడు పరీక్షించాలని హిస్బా గ్రంథాలలో నియమాలు ఉన్నాయి. సేవ చేసేవాడు పుణ్యాత్ముడు గనుక అతనిని పరీక్షించరాదన్న భావం ఆ పెద్దలకు లేదు. ధర్మసంస్థ అనగానే లెక్కలడగడం పాపమనుకొనే అలవాటు మనకు ఎప్పుడు వచ్చినదో!

డబ్బు సంగతి కూడా చూడాలి. సంస్థకు రాబడి ఏ రూపంలో వస్తుందో, దాని దోషాలు ఆ వైపు నుండే రావడం కద్దు. అమెరికాలో 1982 నాటి చట్టం వల్ల ప్రభుత్వం హాస్పిస్‌లకు రోజుకు ఇంత అని చెల్లించే ఏర్పాటు ఉన్నది. ఆరు నెలలకు మించి బ్రతకరని డాక్టర్లు ధ్రువీకరించిన రోగులు అందుకు అర్హులు. రోజు లెక్కన డబ్బు వస్తే, తక్కువ సేవ కావలసిన రోగులను ఎక్కువకాలం పేర్లలో ఉంచుకోవడం లాభసాటి అవుతుంది. 2022లో కాలిఫోర్నియా రాష్ట్ర ఆడిటరు లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో ఇటువంటి మోసాల ఆనవాళ్ళను వివరంగా బయటపెట్టారు. మన దగ్గర హాస్పిస్‌లు ఎక్కువగా విరాళాలపై నడుస్తాయి. కనుక ఇక్కడి ప్రలోభం వేరు: దాతకు కనిపించే పని ముందుకు, కనిపించని పని వెనుకకు. రోగి మంచం పక్కన దాతతో తీసిన ఫోటోలు గోడనిండా ఉన్నచోట నేను జాగ్రత్తపడతాను.

చివరిది ఫలితం. ఇక్కడ మొదటి ప్రశ్న తిరిగి ఎదురవుతుంది. రోగి మరణించాడు, మరణించడం వైఫల్యం కాదు, మరి సాఫల్యం ఏది? ముఖ్యసాక్షి సాక్ష్యం ఇవ్వడానికి లేడు. అందుచేత రెండు పనులు అవసరం. అతడు బ్రతికి ఉన్నప్పుడే పూటపూటా అడిగి వ్రాసిన మాటలు ఒకటి. నొప్పి పట్టికకు ఉన్న విలువ ఇదే. మా నానా అణాల లెక్క ఆయన ఇచ్చిపోయిన వాంగ్మూలం. రెండవది, దగ్గర ఉన్న కుటుంబీకులను కొంతకాలం తరువాత అడగడం. అమెరికాలో 2015 నుండి ఇట్లా కుటుంబాలను ప్రశ్నిస్తున్నారు; ఇప్పుడు జవాబులను అందరికీ తెలిసేలా ప్రకటిస్తున్నారు కూడా. రాత్రివేళ పిలిస్తే సహాయం అందినదా, నొప్పికి తగిన మందు ఇచ్చారా, మర్యాదగా చూశారా అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. మన దేశంలో అటువంటి ఏర్పాటు లేనంత మాత్రాన మనం అడగకూడదని లేదు. చేర్చుకోబోయే సంస్థలో లోగడ ఉన్న రోగుల ఇండ్లకు రెండిటికి వెళ్ళి, ఈ మూడు ప్రశ్నలూ వేసి రావచ్చు. కరపత్రంలో దొరకని జవాబులు అక్కడ దొరుకుతాయి.

హాస్పిస్‌కు వెళ్ళినవారు తిరిగిరారన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. బాధ అదుపులోకి వచ్చిన తరువాత ఇంటికి పంపి, నర్సును ఇంటికే పంపుతూ చూసుకోవడం మంచి సంస్థల పద్ధతి. కేరళలో మలప్పురం మొదలైన జిల్లాలలో ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది, చందాలు వేసుకొని ఈ సేవను ఇండ్లకు చేర్చారు. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వం ఇందుకు ప్రత్యేక విధానాన్నే ప్రకటించినది. కోజికోడ్ ప్రాంతంలో కళాశాల విద్యార్థులు కూడా ఇందులో పాల్గొంటున్నారు. అయితే వచ్చిన ప్రతి విద్యార్థినీ నేరుగా రోగి వద్దకు పంపే సంస్థ కంటె, ముందు కొన్నాళ్ళు కూర్చుండబెట్టి వినడం నేర్పే సంస్థే మంచిదని మన కమిటీ పెద్దలు గమనించగోరుతాను. మన విద్యార్థులను ఎక్కడికైనా పంపదలచినప్పుడు ఇది పనికివస్తుంది.

నానా కూడా పదిరోజుల తరువాత ఇంటికి వచ్చారు. ఇరవై ఆరు రోజులు ఉన్నారు. ఒక శుక్రవారం తెల్లవారుజామున మా అమ్మ చేతిలో చేయి ఉంచి వెళ్ళిపోయారు. నలభై రోజులలోపు ఆ నర్సు మా ఇంటికి వచ్చినది. మిగిలిపోయిన మార్ఫిన్ మాత్రలను వెనుకకు తీసుకోవడం ఆమె విధి. పదకొండు మాత్రలు ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టి, రిజిస్టరులో వ్రాసి, అమ్మ చేత సంతకం చేయించినది. తరువాత రిజిస్టరు మూసి సంచిలో పెట్టుకొని, “అమ్మా, మీకు నిద్ర పడుతున్నదా?” అని అడిగినది. అమ్మ జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టినది. ఆమె అంతసేపూ కూర్చున్నది.